‘ఆసు’ లైనోకట్ ప్రాజెక్టు డైరీ: విమర్శ బృందం ముందు ఒక బ్లాకు

ప్రాజెక్టు స్వరూపం

పోచంపల్లి ఇక్కత్ చీర మగ్గం మీదికి చేరకముందు నూలు ఎన్ని చేతులు మారుతుందో చూపే అయిదు లైనోకట్ చిత్రాల (లైనోలియం పలకను, అంటే బ్లాకును, చెక్కి ఇంకు పూసి అచ్చు తీసే చిత్రాల) వరుసను ఈ ఏడాది వేసవిలో మొదలుపెట్టాను. ఆసు పోయడం, చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టడం), రంగులో ముంచడం, పడుగు (నిలువు పోగులు) సర్దడం, నేయడం అనేవి ఆ అయిదు చిత్రాల విషయాలు. వీటిలో మొదటిదైన ‘ఆసు’ ఇప్పుడు ఎడిషన్ ముద్రణ (ఖరారైన బ్లాకు నుంచి అసలు ప్రతులు తీయడం) దశకు వచ్చింది. ఈ డైరీలో ఎక్కువ భాగం ఆ ఒక్క చిత్రం గురించే ఉంటుంది, ఎందుకంటే ఆ బ్లాకు మీద జరిగిన ప్రతి పెద్ద మార్పుకూ మా విమర్శ బృందం సమావేశాలతో నేరుగా సంబంధం ఉంది.

ఆసు పోయడం చూడని పాఠకుల కోసం ముందుగా కొంత చెప్పాలి. ఇక్కత్‌లో నేసిన తరవాత అద్దకం జరగదు. నేయకముందే నూలును డిజైను ప్రకారం కట్టి రంగులో ముంచుతారు. అలా కట్టాలంటే అడ్డంగా నేసే పేక నూలు పోగులన్నీ ఒక కొలతలో, ఒక క్రమంలో అమరి ఉండాలి. ఒక వైపు ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరుస ఉన్న చట్రం మీద దారాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతూ పోవడమే ఆసు పోయడం. చెయ్యి సుమారు ఒక మీటరు దూరం పోయి రావాలి, ఒక చీరకు అలా దాదాపు 9,000 సార్లు తిరగాలి, రోజుకు రెండు చీరల పని అయితే అది 18,000 సార్లు అవుతుంది. ఒక్క చీరకు నాలుగైదు గంటలు పట్టే ఈ పనిని ఇళ్లలో తరతరాలుగా ఆడవాళ్లే చేశారు. తల్లి భుజాల నొప్పిని చూడలేక ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. లక్ష్మీ ఆసు యంత్రం గంటల పనిని గంటన్నరకు దించింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి ముందున్న ఆ చెయ్యి కదలికను నలుపు తెలుపుల్లో పట్టుకోవాలన్నది నా కోరిక.

మా బృందంలో ఏడెనిమిది మందిమి ఉన్నాము. నీటిరంగులు వేసేవారు ఒకరు, ప్రభుత్వ పాఠశాలలో డ్రాయింగు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు ఒకరు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే అమ్మాయి, ఒక ఫోటోగ్రాఫరు, ఒక కుండల కళాకారుడు, లోహపు రేకును ఆమ్లంతో కొరికించి అచ్చు తీసే ఎచింగ్‌లో చాలా అనుభవం ఉన్న ఒక పెద్దాయన, చేనేత కుటుంబంలో పుట్టి ఇప్పుడు వస్త్ర డిజైనరుగా పనిచేస్తున్న ఒక యువతి. నెలకొకసారి హైదరాబాదులో మాలో ఒకరి ఇంటి మేడగదిలో కలుస్తాము. తెలుగులో కవులు అచ్చుకు ముందే తమ పద్యాలను నలుగురి ముందు చదివి వినిపించుకోవడం పాత అలవాటే. తెనాలిలో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారి చుట్టూ చేరిన సాహితీ సమితి గురించి విననివారు తక్కువ. బొమ్మలు వేసేవాళ్లకు మాత్రం కాలేజీ వదిలిన మరునాటి నుంచి అలాంటి గది దొరకడం కష్టం. ప్రదర్శనలో చూడడానికి వచ్చినవారు మర్యాదకు మెచ్చుకుంటారు, అప్పటికి చిత్రం చట్రంలోకి వెళ్లిపోయి ఉంటుంది.

సమావేశం నడిచే పద్ధతి

మేము అనుసరించే క్రమానికి మూలం అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990 ప్రాంతంలో రూపొందించిన పద్ధతి. అందులో నాలుగు మెట్లు ఉన్నాయి. మొదట చూసినవారు ఆ పనిలో తమను తాకినది, తమకు అర్థవంతంగా తోచినది ఏమిటో చెబుతారు. తరవాత కళాకారుడు తన ప్రశ్నలు అడుగుతాడు. మూడో మెట్టులో చూసినవారు ప్రశ్నలు అడుగుతారు, కానీ ఆ ప్రశ్నల్లో అభిప్రాయం దాగి ఉండకూడదు. చివరి మెట్టులో మాత్రమే, అదీ కళాకారుడి అనుమతి తీసుకున్నాకే, అభిప్రాయాలు చెబుతారు. ఇందులో మూడో మెట్టే అన్నిటికన్నా కష్టమని అందరమూ ఒప్పుకుంటాము. “కిటికీ అంత పెద్దగా ఎందుకు పెట్టావు?” అన్నది ప్రశ్న రూపంలో ఉన్న తీర్పు, “ఈ గదిలోకి వెలుగు ఎటు నుంచి వస్తోంది?” అని అడిగితే వేసినవారు నిజంగా ఆలోచించి జవాబు చెప్పవలసి వస్తుంది.

లెర్మన్ క్రమానికి మేము రెండు చేర్పులు చేసుకున్నాము. మొదటి పది నిమిషాలు వేసినవారు నోరు విప్పరు, తమ ఉద్దేశం ఏమిటో చెప్పరు, చూసేవారు గోడ మీద ఏమి కనిపిస్తోందో అంతవరకే వర్ణిస్తారు. రెండోది, మాటలన్నీ రాసుకునే బాధ్యత వేసినవారిది కాకుండా మరొకరిది. తన పని గురించి ఇతరులు మాట్లాడుతున్నప్పుడు రాసుకుంటూ కూర్చుంటే తనకు నచ్చిన మాటలే కాగితం మీదికి వస్తాయన్నది మా మాస్టారు గట్టిగా పట్టుబట్టి చెప్పిన విషయం, దాని విలువ ఈ ప్రాజెక్టులో నాకు బాగా తెలిసింది.

లైనోకట్‌కు ఇలాంటి బృందం మరీ అవసరం. అవిసె నూనె, బెరడు పొడి కలిపి జనపనార గుడ్డ మీద పరిచిన ఈ పలకలో చెక్కిన చోటు తెల్లగా మిగులుతుంది, చెక్కని చోటు నల్లగా అచ్చు పడుతుంది. చెక్కిన దాన్ని తిరిగి నింపడం సాధ్యం కాదు. నలుపు నుంచి తెలుపుకు వెళ్లగలము గానీ తెలుపు నుంచి నలుపుకు రాలేము. అందువల్ల ఎవరి సలహా అయినా బ్లాకులో ఇంకా చెక్కని భాగం గురించి అయితేనే నేను ఆచరించగలను. ఈ కారణంగానే చెక్కే పని ఎప్పుడెప్పుడు ఎంతెంత చెయ్యాలో సమావేశాల తేదీలను బట్టి నిర్ణయించుకున్నాను: ఒక్కో సమావేశానికీ ముందు ఆపవలసిన గీత ఒకటి పెట్టుకుని, దాన్ని దాటకుండా బ్లాకును పక్కన పెట్టాను.

జూన్: కుంచెతో వేసిన నమూనా

బ్లాకును ముట్టుకోకముందే 30 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తున్న అసలు కొలతలో, నల్ల సిరాతోనూ తెల్ల రంగుతోనూ ఒక నమూనా వేసి తీసుకెళ్లాను. నేల మీద కూర్చున్న స్త్రీ, ఆమె ముందు ఆసు చట్రం, వెనక కుడివైపు పైన ఒక కిటికీ, ఆ కిటికీలోంచి పడుతున్న వెలుగు, ఇవి అందులో ఉన్నాయి.

ఆ రోజు మాటలకన్నా ట్రేసింగ్ కాగితాలు ఎక్కువ పనిచేశాయి. పిల్లల పుస్తకాల చిత్రకారిణి ప్రతి ఒక్కరికీ ఒక ట్రేసింగ్ కాగితం ఇచ్చి, నమూనా మీద దాన్ని పరిచి, చూపు మొదట ఎక్కడ పడిందో ఒక చుక్క, అక్కడి నుంచి ఎటు వెళ్లిందో ఒక గీత, చివరకు ఎక్కడ ఆగిందో ఒక సున్నా గీయమంది. ఒకరు గీసింది ఇంకొకరు చూడకూడదు. అన్నీ అయ్యాక ఆ కాగితాలను ఒకదాని మీద ఒకటి పేర్చి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాము. దాదాపు అన్ని చుక్కలూ కిటికీ మీదే ఉన్నాయి. అక్కడి నుంచి గీతలు స్త్రీ ముఖానికి వచ్చి, ఆమె కళ్లు చూస్తున్న వైపుగా చిత్రం అంచు దాటి బయటికి పోయాయి. చేతి మీద ఎవరి సున్నా కూడా లేదు.

ఇలాంటి సాక్ష్యంతో వాదించడానికి ఏమీ ఉండదు. ఒక్కరు “చెయ్యి తేలిపోయింది” అని ఉంటే నేను ఆ మాటను ఆ ఒక్కరి అభిరుచికి వదిలేసి ఉండవచ్చు. అందరి చూపులూ ఒకే దారిలో నడిచాయని కాగితం మీద కనబడినప్పుడు, చిత్రంలో అతి పెద్ద తెలుపు ఎక్కడ ఉందో కన్ను అక్కడికే పోతుందన్న సంగతి నా బ్లాకు విషయంలో ఏమి చెయ్యాలో నేరుగా చెప్పింది. కిటికీని పూర్తిగా తీసెయ్యలేదు, ఎందుకంటే వెలుగుకు ఒక మూలం ఉండాలని నా పట్టుదల. దాన్ని తలుపు సందులోంచి వచ్చే సన్నని నిలువు చారగా మార్చి, ఆ తెలుపునంతా దారాల మీదికి దించాను. ముఖాన్ని మూడొంతులు చీకటిలోకి తిప్పాను.

ఎచింగ్ పెద్దాయన ఆ సమావేశానికి జర్మన్ చిత్రకారిణి కేటే కోల్విట్స్ చిత్రాల ప్రతులు తెచ్చారు. సిలీసియా నేతగాళ్ల 1844 తిరుగుబాటు ఆధారంగా ఆమె 1893, 1897 మధ్య చేసిన ఆరు ముద్రణా చిత్రాల వరుసలో మొదటి మూడూ రాతి మీద గీసి అచ్చు తీసే లిథోగ్రాఫులు, తరవాతి మూడూ ఎచింగులు. మొదటి చిత్రంలో మంచం మీద ఉన్న బిడ్డ, తల పట్టుకున్న తల్లి ముందు కనిపిస్తారు. మగ్గం వెనక చీకట్లో ఉంటుంది. పనిముట్టును చూపించి తీరాలన్న ఆరాటం ఆ చిత్రంలో లేదని ఆయన చూపించినప్పుడు, నా నమూనాలో ఆసు చట్రాన్ని ఇంజనీరు గీసిన పటంలా ప్రతి మేకుతో సహా ఎందుకు నిలబెట్టానో నన్ను నేను అడుగుకున్నాను. చట్రంలో సగం నీడలోకి పోయింది.

జులై: మొదటి ప్రూఫు

నమూనాను బ్లాకు మీదికి తిరగవేసి ఎక్కించాను, అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి గనుక ఈ పని తప్పదు. సన్నని వి ఆకారపు ఉలి, అంటే వి-టూల్‌తో తలుపు చార, దారాల్లో సగం, భుజం అంచు, మోకాలి ముడతలు మాత్రం చెక్కాను. ముంజేయి మొత్తాన్ని నల్ల ముద్దగా వదిలేశాను. చినుకులు పడుతున్న రోజుల్లో పలక కొంచెం గట్టిపడుతుంది. కాసేపు వెచ్చబెడితే టూలు మెత్తగా దిగుతుంది. న్యూస్‌ప్రింట్ మీద చెక్క గరిటె వెనక భాగంతో రుద్ది తీసిన ప్రూఫులే (పని మధ్యలో పరీక్షకు తీసే అచ్చులే) బృందానికి చూపించాను. చేతితయారీ కాగితం మీద తీసిన ప్రూఫు చూపిస్తే చూసేవాళ్లు దాన్ని పూర్తయిన పనిగా భావించి మాటల్లో వెనక్కి తగ్గుతారని అనుభవం మీద తెలుసు. న్యూస్‌ప్రింట్ మీద ఎవరైనా ధైర్యంగా ఎర్ర పెన్సిలు పెడతారు.

వర్ణన పది నిమిషాల్లో ఎక్కువ మంది “ఒకామె దారం పట్టుకుని కూర్చుంది” అన్నారు. ఫోటోగ్రాఫరు “వీణ లాంటిది వాయిస్తోంది” అన్నారు. నా వంతు వచ్చినప్పుడు ఒకే ప్రశ్న అడిగాను: ఆమె ఎంతసేపటి నుంచి ఈ పని చేస్తున్నట్టు అనిపిస్తోంది? ఇప్పుడే కూర్చున్నట్టుందని నలుగురు చెప్పారు. చేనేత కుటుంబం నుంచి వచ్చిన డిజైనరు, నేను చెల్లెలని పిలిచే యువతి, చాలాసేపు మాట్లాడలేదు. అనుమతి మెట్టు వచ్చాక, “అక్కా, ఈ చెయ్యి ఆగి ఉంది. ఆసు పోసే చెయ్యి ఆగదు. మా నాయనమ్మ మాట్లాడుతున్నా, మమ్మల్ని తిడుతున్నా చెయ్యి దాని పాటికి అది పోతానే ఉండేది” అంది.

నా మొత్తం ప్రాజెక్టుకు ఆ మాట ఇరుసైంది. విమర్శ బృందంలో అందరూ చిత్రకారులే ఉండాలనుకునేవారికి నేను ఈ సంఘటనను చెబుతుంటాను. కూర్పు గురించి, నలుపు తెలుపుల తూకం గురించి మాకు చెప్పగలిగేవారు చాలామంది ఉన్నారు, కానీ చిత్రంలో ఉన్న పనిని చిన్నప్పటి నుంచి కళ్లారా చూసిన మనిషి ఒక్కరు లేకపోతే ఆ చెయ్యి అందంగా, కదలకుండా ఎడిషన్‌లోకి వెళ్లిపోయేది.

చిన్న పలకల మీద ప్రయత్నాలు

కదలికను ఎలా చూపాలన్నది అసలు బ్లాకు మీద తేల్చుకునే విషయం కాదు గనుక అరచేతి వెడల్పున్న లైనో ముక్కల మీద కొన్ని పద్ధతులు ప్రయత్నించాను. ముంజేతిని మూడు స్థానాల్లో పునరావృతం చేయడం వాటిలో మొదటిది. ఎగువ స్థానం స్పష్టంగా, తక్కినవి పల్చని గీతలతో చెక్కాను. దాన్ని చూసిన వెంటనే మాస్టారు “అమ్మవారు కనబడుతోంది” అన్నారు, తరవాత ఎవరికీ అది ఇంకోలా కనిపించలేదు. మనదేశంలో ఒక దేహానికి చేతులు పెరిగితే చూసేవారి మనస్సు ఎటు పోతుందో ఊహించగలిగినదే. పనిచేసి అలసిపోయిన స్త్రీని దేవతగా నిలబెట్టడం నాకు ఇష్టం లేని పని, ఆమె శ్రమకు అది అన్యాయం కూడా. ఆ పద్ధతిని వదిలేశాను.

రెండో ముక్క మీద చెయ్యిని ఒక్కటిగానే ఉంచి, దారాల గీతల మధ్య దూరాన్ని మార్చుతూ వెళ్లాను. చెయ్యికి దగ్గరగా ఉన్న గీతలు చిక్కగా, దూరమయ్యేకొద్దీ పల్చగా ఉండడంతో కన్ను ఆ వంపు వెంట తిరగడం మొదలుపెట్టింది. నీటిరంగుల చిత్రకారుడు ఈ ముక్కను తలకిందులుగా పెట్టి చూడమన్నారు. బొమ్మ అర్థం పోయినా వంపు తిరుగుడు మిగిలింది. దీన్ని అసలు బ్లాకుకు ఎంచుకున్నాను.

ఆగస్టు: పోచంపల్లిలో ప్రూఫు

చెల్లెలి సలహా మీద ఆ ప్రూఫులు పట్టుకుని ఆమెతో కలిసి పోచంపల్లి వెళ్లాను. యంత్రం రాకముందు ఏళ్ల తరబడి ఆసు పోసిన ఒక పెద్దమ్మ దగ్గర కూర్చున్నాము. ఆమెకు మా నాలుగు మెట్ల పద్ధతి గురించి చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు. ప్రూఫును ఒళ్లో పెట్టుకుని కాసేపు చూసి, “మేకులు గింత దగ్గర ఉండయి బిడ్డా” అని, కూర్చున్న చోటే ఒక చెయ్యి చాచి దూరం చూపించింది. చెయ్యి పూర్తిగా చాచినప్పుడు ఆమె భుజం చెవి దాకా లేచింది. వెనక్కి తెచ్చినప్పుడు నడుము కూడా కొంచెం తిరిగింది. నేను చెక్కిన స్త్రీ మోచేతి నుంచి మాత్రమే పనిచేస్తోంది, ఈమె నడుము నుంచి పనిచేసింది.

ఆమెను మూడు నాలుగు సార్లు అడిగి అదే కదలికను చూసి, అక్కడే నోటుపుస్తకంలో భుజం రేఖలు గీసుకున్నాను. నొప్పి ఎక్కడ ఉండేదని అడిగితే మెడకూ భుజానికీ మధ్య వేళ్లతో నొక్కి చూపించింది. అదృష్టవశాత్తూ బ్లాకులో ఆ భాగం ఇంకా నల్లగానే ఉంది. జులై సమావేశానికి ముందు ఆపవలసిన గీత పెట్టుకోకపోయి ఉంటే ఆ భుజం అప్పటికే చెక్కేసి ఉండేదాన్ని.

తిరిగి వచ్చాక భుజాన్ని పైకి లేపి, మెడ వంపులో సన్నని తెల్ల గీతల గుంపు ఒకటి చెక్కాను. అప్పటి నుంచి వచ్చిన ప్రతి ప్రూఫులోనూ చూపు తలుపు చార మీద మొదలై, దారాల వంపు వెంట దిగి, భుజం మీద ఆగుతోంది. ట్రేసింగ్ కాగితాలతో మళ్లీ పరీక్షించాము. ఈసారి సున్నాలన్నీ మెడకూ భుజానికీ మధ్యే పడ్డాయి.

సెప్టెంబరు: ఒకే చోటికి ఎదురుబొదురు సలహాలు

ఈ నెల సమావేశం ఎడమవైపు కింది మూల చుట్టూ తిరిగింది. అక్కడ నేల మీద చాప అల్లికను గీతలతో చెక్కి ఉన్నాను. కుండల కళాకారుడు ఆ మూల ఖాళీగా ఉందని, ఒక కండెల బుట్టను పెట్టమని అన్నారు. ఫోటోగ్రాఫరు ఆ మూల కిక్కిరిసిందని, అక్కడి గీతలు దారాలతో పోటీ పడుతున్నాయని అన్నారు. రెండు మాటలూ ఒకేసారి నిజం కావని అనిపించి మొదట నేను దేన్నీ పట్టించుకోదలచుకోలేదు. కానీ ఇద్దరి వేళ్లూ ఒకే అంగుళం చోటును చూపించాయి. ఆ చోటులో ఏదో సరిగ్గా లేదన్నంతవరకు ఇద్దరినీ నమ్మి, ఇద్దరి మందులనూ పక్కన పెట్టి, ఆ మూలను మాత్రమే మిగతాది కప్పేసి వారం రోజులపాటు గోడ మీద ఉంచి చూశాను.

అప్పుడు తెలిసిందేమిటంటే, స్త్రీ నేల మీద కూర్చోలేదు. ఆమె తొడ కింద అంచు, చాప గీతలు రెండూ ఒకే మందంలో ఉండడంతో శరీరం బరువు ఎక్కడా నేలకు దిగలేదు. ఒకరికి అది ఖాళీగా, మరొకరికి ఇరుకుగా తోచడానికి కారణం అదే. చాప గీతలను వెనక్కి నల్లగా చేయలేను గనుక తెలుపు వైపే వెళ్లాలి: యు-టూల్‌తో అల్లికను దాదాపుగా తొలగించి వెడల్పైన తెల్ల చోటు చేసి, ఆమె కూర్చున్న అంచు కింద మాత్రం చిక్కని నలుపును వదిలాను. ఒక్కసారిగా ఆమెకు బరువు వచ్చింది. బుట్ట అవసరం రాలేదు. చాప పోయినందుకు నాకు కొంత బాధగానే ఉంది, ఆ అల్లిక చెక్కడానికి చాలా ఇష్టపడి కూర్చున్నాను.

నేను తీసుకోని సలహాలు కూడా ఈ డైరీలో ఉండాలి. స్త్రీ కట్టిన చీరకు ఇక్కత్ డిజైను వేస్తే ప్రాంతం తెలుస్తుందని ఇద్దరు గట్టిగా చెప్పారు. ఆ డిజైను పుట్టకముందు జరిగే పని ఇది. దారం మీద ఇంకా ఒక్క ముడి కూడా పడలేదు. దాన్ని మొదటి చిత్రంలోనే చూపిస్తే తరవాతి నాలుగు చిత్రాలకు చెప్పడానికి మిగిలేది తక్కువ. పైగా ఇంట్లో ఆసు పోసే మనిషి పట్టు ఇక్కత్ కట్టుకుని కూర్చోదని చెల్లెలు కూడా అంది. అదే చిత్రంలో పక్కన ఆసు యంత్రాన్ని కూడా పెట్టమన్న సూచన ఇంకా ఆకర్షణీయమైనది, దాని గురించి చాలా ఆలోచించాను. యంత్రం ఈ కథకు ముగింపు వంటిది గనుక అది ఈ భుజం పక్కన ఉంటే చూసేవారు నొప్పిని చూడకుండానే ఊరటకు వెళ్లిపోతారు. వరుసకు ఆరో చిత్రంగా యంత్రాన్ని చేర్చాలా అన్నది నా పుస్తకంలో తెరిచి ఉంచిన ప్రశ్న.

సలహాను తిరస్కరించేటప్పుడు కారణాన్ని అందరి ముందూ చెప్పాలన్నది మా బృందంలో ఉన్న ఆనవాయితీ, ఇది నాకు చాలా నచ్చుతుంది. అలా చెప్పబోతే కొన్నిసార్లు కారణం లేదని తెలుస్తుంది, కొన్నిసార్లు అప్పటిదాకా మనకే తెలియని ఉద్దేశం మాటల్లోకి వస్తుంది. ‘డిజైనుకు ముందు’ అన్న వరుస పేరు చీర గురించి అలా జవాబు చెబుతుండగా దొరికినదే.

ఇతరుల పని గురించి మాట్లాడడం

తీసుకున్నదాని గురించే రాస్తే ఈ డైరీ అసంపూర్ణం. అదే సెప్టెంబరులో నీటిరంగుల చిత్రకారుడు మూసీ ఒడ్డు చిత్రాల వరుస తెచ్చారు. వాటిలో ఏదో బరువుగా ఉందని నాకు అనిపించింది గానీ, అభిప్రాయం లేని ప్రశ్నగా దాన్ని మార్చడానికి చాలాసేపు పట్టింది. చివరకు “ఈ చిత్రాల్లో కాగితం తెలుపును ఎక్కడెక్కడ వదిలారు?” అని అడిగాను. ఆయన వెతికి, దాదాపు ఎక్కడా లేదని చెప్పి, తరవాతి నెలకు నీటి మీద కాగితాన్ని అలాగే వదిలిన రెండు చిత్రాలతో వచ్చారు. ఆ ప్రశ్నను ఆయన కోసం తయారుచేస్తున్నప్పుడే నా బ్లాకులో చాప మూల నా మనసులోకి వచ్చింది. తెలుపును గీతలుగా ముక్కలు చేయకుండా ఒక చోటుగా వదలవచ్చన్న ఆలోచన నాకు అక్కడ మొదలైంది. సొంత పని ముందు నిలబడితే కన్ను పాత దారిలోనే పోతుంది, ఎదుటివారి పని ముందు అది స్వేచ్ఛగా తిరుగుతుంది.

అక్టోబరు: చివరి ప్రూఫు, ఆగవలసిన చోటు

వానలు తగ్గాక నూనె ఆధారిత ఇంకు త్వరగా ఆరడం మొదలైంది, ప్రూఫులు ఒకదానికొకటి అంటుకోకుండా తీగ మీద వేలాడదీయగలిగాను. సమావేశానికి మూడు దశల ప్రూఫులను వరుసగా గోడకు పెట్టాను: జులైది, భుజం మార్చాక తీసినది, చాప తొలగించాక తీసినది. ముద్రణా చిత్రకళలో ఉన్న గొప్ప సౌకర్యం ఇది. రంగులు వేసిన చిత్రంలో పాత దశ కొత్త రంగు కింద కప్పబడిపోతుంది. ముద్రణలో ప్రతి దశా ఒక కాగితంగా మిగులుతుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1653లో చేసిన మూడు శిలువల చిత్రానికి వేర్వేరు దశల ప్రతులు నేటికీ ఉండడం వల్లనే, నాలుగో దశలో ఆయన ఆ రాగి రేకును ఎంత తీవ్రంగా గీకి, ఎన్ని రూపాలను తీసివేసి, దృశ్యాన్నంతా చీకటిలోకి తోశారో మనం పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాము. రాగిని గీకి నునుపు చేసి మళ్లీ గీయవచ్చు, ఆ అవకాశం లైనోకు లేదు.

నా ప్రశ్న ఈసారి నేరుగా ఉంది: ఇంకా ఏమి చెక్కకూడదు? బృందం ఈ ప్రశ్నకు అలవాటు పడలేదు, ఎందుకంటే సలహా అంటే ఏదో ఒకటి చెయ్యమని చెప్పడమే అన్నట్టు మాటలు వస్తాయి. ఎచింగ్ పెద్దాయన మాత్రం ట్రేసింగ్ కాగితం తీసుకుని, ముఖం చీకటి, చట్రం కుడి సగం, వీపు వెనక గోడ, ఈ మూడింటి చుట్టూ గీత గీసి “ఇక్కడ టూలు పెట్టొద్దు” అన్నారు. ముఖంలో కంటిరెప్పను కొంచెం వెలిగించాలన్న ఆలోచన నాకు అప్పటికి ఉంది. మాస్టారు కూడా వెలిగించమన్నారు. ఇద్దరి మాటలూ విన్నాక రెప్ప జోలికి పోలేదు. ఆ చీకటి వల్లే చూపు ముఖం దగ్గర నిలవకుండా భుజానికి పోతోందని జూన్ నాటి కాగితాలూ భుజం మార్చాక గీసిన కాగితాలూ పక్కపక్కన పెడితే స్పష్టంగా తెలిసింది.

దారాల కుడి కొస దగ్గర, మేకు చుట్టూ తిరిగే చోట మాత్రం కొన్ని గీతలను పదును చేశాను. ఆ పని తరవాత తీసిన ప్రూఫును ఎడిషన్‌కు ఆధారంగా పెట్టుకున్నాను.

ఎడిషన్, తరవాతి బ్లాకు

‘ఆసు’ ముద్రణ మొదలైంది. చేతితయారీ కాగితం గరుకుగా ఉండి నల్లని పెద్ద చోట్లలో ఇంకు సమంగా ఎక్కడం లేదు గనుక, కాగితాన్ని కొద్దిగా తడిపి, గరిటెతో రెండు విడతలుగా రుద్దుతున్నాను. మొదటి విడతలో గోడ నలుపు, రెండో విడతలో దారాలు. రెండిటినీ ఒకే ఒత్తిడితో రుద్దితే సన్నని తెల్ల గీతల్లోకి ఇంకు పూడుకుపోతోంది. ఒక ప్రతిని పోచంపల్లి పెద్దమ్మకు ఇవ్వడానికి వేరుగా ఉంచాను.

‘చిటికి’ బ్లాకుకు కుంచె నమూనాలు సిద్ధమవుతున్నాయి. ఇందులో ఒకే మనిషి స్థానంలో చట్రానికి రెండు వైపులా కూర్చున్న ఇద్దరు ఉంటారు, వేళ్ల పని చాలా చిన్నది, ముడి వేసే రబ్బరు పట్టీలు అంతకన్నా చిన్నవి. పెద్ద చెయ్యి కదలికకు పనికొచ్చిన వంపు ఇక్కడ పనికిరాదు. అందువల్ల నవంబరు సమావేశానికి ఒకటికి బదులు మూడు కూర్పులు తీసుకెళుతున్నాను: వేళ్లను మాత్రమే దగ్గరగా చూపేది ఒకటి, ఇద్దరు మనుషులను నడుము దాకా చూపేది ఒకటి, చట్రాన్ని పైనుంచి చూపేది ఒకటి. ఏది బాగుందని అడగను. ఒక్కోదాని ముందు నిలబడి, అందులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నట్టు అనిపిస్తోందో చెప్పమని అడుగుతాను, ఎందుకంటే చిటికి కట్టే గదిలో చేతులు పని చేస్తున్నంతసేపూ మాటలు సాగుతూనే ఉంటాయని పెద్దమ్మ చెప్పింది. ఆ మాటల ఉనికి ఏ కూర్పులో ఉందో నాకు ఇంకా తేలలేదు. సమావేశానికి ఈసారి ఆమెను కూడా రమ్మని చెల్లెలు పిలిచింది, పండగ పనులు అయ్యాక వస్తానంది.